గోడకీ గోత్రముంది

పుదుచ్చేరిలో గోడలు రెండు రకాలు. ఆనుకుని ఫొటో దిగే గోడలు, ఒంటేలుకి పనికొచ్చే గోడలు. ఈ రెంటి నడుమ ఒక కాలువ పారుతుంది. పారుతుందన్నది మర్యాదకి అన్నమాట. ఏడాదిలో ఎక్కువ నెలలు నిలబడి కంపు కొడుతుంది. పేరు మాత్రం గ్రాండ్ కెనాల్. దానికి సముద్రం వైపున్న ఊరిని తెల్ల ఊరనీ, ఇవతలి వైపున్నదాన్ని నల్ల ఊరనీ ఫ్రెంచివాళ్ళు పిలిచారు. 1954లో వాళ్ళు పెట్టే బేడా సర్దుకున్నారు. నల్ల ఊరన్న మాట మనకి అవమానమని దాన్ని వదిలేశాం. తెల్ల ఊరన్న మాట వ్యాపారానికి బాగుందని ఉంచుకున్నాం. ఇప్పుడది వైట్ టౌన్, హోటల్ గది అద్దెలో ఆ రెండు మాటల ఖరీదు కూడా కలిసే ఉంటుంది.

శని, ఆదివారాల్లో చెన్నై, బెంగళూరు, హైదరాబాదుల నుంచి దిగే జనానికి కావలసింది కాలువకి తూర్పున ఉన్న గోడ. పసుపు వెల్ల, తెల్ల అంచు, పైనుంచి వేలాడే కాగితం పూలు, ఎప్పుడూ మూసే ఉండే చెక్క కిటికీ. ఆ గోడ ముందు కాబోయే దంపతులు, ఎదురుగా కెమెరా, పక్కన వెండి అట్ట పట్టుకుని ఎండలో మాడే కుర్రాడు. ఆ ఇంటి పెద్దాయన పాల ప్యాకెట్ కోసం తలుపు తీస్తే, "తాతా, రెండు నిమిషాలు" అని మళ్ళీ లోపలికి పంపేస్తారు. ఫొటోలు తీయొద్దని ఎవరైనా బోర్డు పెట్టుకుంటే ఆ బోర్డు పక్కన నిలబడి కూడా దిగుతారు. బోర్డు ఫ్రెంచిలో ఉంటే మరీ ముచ్చట.

మొన్నామధ్య విజయవాడ నుంచి వచ్చిన ఒక ఇల్లాలు ఆ వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసి భర్తని అడిగింది. "ఏవండీ, ఊరంతా పసుపే. ఇక్కడ కూడా మనవాళ్ళే గెలిచారా?"

"ఊరుకోవే, ఇది ఫ్రెంచి పసుపు" అన్నాడాయన.

నవ్వుకున్నానుగానీ తప్పు ఆవిడది కాదు. మాది యానాం. పరిపాలన పుదుచ్చేరిది, చుట్టూ నేల ఆంధ్రది, నోట్లో నాలుక తెలుగుది. అందుకని ఆవిడ అనుమానం ఎక్కడ పుట్టిందో నాకు బాగా తెలుసు. గోడ రంగుని బట్టి పార్టీని పోల్చుకోవడం తెలుగువాడు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి నేర్చుకున్న విద్య. 2019 తర్వాత ఆంధ్రలో పంచాయతీ ఆఫీసులకి అధికార పార్టీ జెండా రంగులు పూశారు. 2020 మార్చిలో హైకోర్టు తీసెయ్యమంది. సుప్రీంకోర్టు కూడా కాదనలేదు. అప్పుడు ప్రభుత్వం ఉన్న మూడు రంగులకి ఎర్రమట్టి రంగు చార ఒకటి చేర్చి, ఇది వేరే కూర్పు, దీనికీ జెండాకీ సంబంధం లేదు అంది. చిత్రకళా విమర్శకులు కూడా సిగ్గుపడే వ్యాఖ్యానం. మేలో హైకోర్టు దాన్నీ కొట్టేసింది, జూన్‌లో సుప్రీంకోర్టు మళ్ళీ అదే మాట అంది. ప్రజల డబ్బుతో పూసి, ప్రజల డబ్బుతో వాదించి, ప్రజల డబ్బుతో చెరిపారు. అంతకు ముందు వాళ్ళు అన్న క్యాంటీన్లకి పూసింది మాత్రం ఏ రంగని అడుగుతారేమో, అడగండి. అది కూడా పసుపే.

గోడ మీద ముద్ర వేసుకోవడమంటే, న్యూయార్కులో ఒక కుర్రాడు ఉండేవాడు. ఉత్తరాలు అందజేసే ఉద్యోగం. వెళ్ళిన చోటల్లా గోడ మీద, రైలు మీద 'టాకీ 183' అని తన ముద్దుపేరూ తన వీధి నంబరూ రాసుకుంటూ పోయాడు. 1971 జూలైలో న్యూయార్క్ టైమ్స్ అతని మీద కథనం వేసింది. గ్రాఫిటీ చరిత్ర రాసేవాళ్ళు ఆ పేరు చెప్పకుండా ముందుకి పోరు. పాపం, ఒక మార్కర్ పెన్నుతో ఒక్కడు రాసుకున్నాడు. వేల పంచాయతీల మీద ఒకే సంతకం పెట్టించిన మనవాళ్ళు ఆ చరిత్రలో ఎక్కడా లేరు. తెలుగువాడికి జరిగే అన్యాయాల్లో ఇదొకటి.

సరే, పుదుచ్చేరికి వద్దాం. ఆ పసుపు గోడ మూడొందల ఏళ్ళ నాటిదని ఆటోవాళ్ళు చెబుతారు. 1761 జనవరిలో ఊరు పట్టుకున్న ఇంగ్లీషువాళ్ళు కోటతో సహా తెల్ల ఊరిని నేలమట్టం చేశారు. ఫ్రెంచివాళ్ళు తిరిగొచ్చి 1765 నుంచి మళ్ళీ కట్టుకున్నారు. బీచి రోడ్డు మీద ఠీవిగా కనబడే మేరీ, అంటే పాత మునిసిపల్ భవనం, వయసులో ఇంకా చిన్నది. పందొమ్మిదో శతాబ్దంలో కట్టారు. మరమ్మతు చెయ్యాలని ఏళ్ళ తరబడి మాట్లాడుకున్నారు. 2014 నవంబరులో వానకి కుప్పకూలింది. అదే ఆకారంలో కొత్తది కట్టి 2021 ఫిబ్రవరిలో ప్రధాని చేత ప్రారంభోత్సవం చేయించారు. దాని ముందు కూడా జనం నిలబడి "పాతకాలం కట్టడం అందమే వేరు" అనుకుంటున్నారు. పాతది నిలబడి ఉన్నప్పుడు దాని వంక చూసినవాడు లేడు.

ఈ గోడల మీద ఈ మధ్య బొమ్మలు వెలుస్తున్నాయి. వైట్ టౌన్ కెఫేల ప్రహరీల మీద చేపలు, తామరలు, రెక్కలు. రెక్కల నడుమ మనిషి నిలబడితే దేవదూత అవుతాడు. అడిగితే స్ట్రీట్ ఆర్ట్ అంటారు. నాకు బొమ్మలంటే కోపం లేదు, కొన్ని నిజంగా బాగున్నాయి కూడా. నా గొడవల్లా గోత్రం దగ్గర. కెఫే యజమాని పిలిచి, నిచ్చెన వేసి, మధ్యాహ్నం కాఫీ పోసి వేయించుకున్నది స్ట్రీట్ ఆర్ట్. కాలువ అవతల కార్మికవాడ కుర్రాడు రాత్రిపూట అదే రంగుతో తన పేరు రాసుకుంటే గోడ పాడుచేయడం. నాయకుడి ముఖం మూడంతస్తుల ఎత్తున నిలబెడితే ఈ రెండూ కాదు, అభిమానం. రంగు డబ్బా ఒకటే కావచ్చు, మునిసిపాలిటీ జీపు ఎవరి దగ్గర ఆగుతుందో మాత్రం ముందే రాసి పెట్టి ఉంది.

చట్టం లేక కాదు. ఫ్రాన్సులో 1881 జూలై 29న పత్రికా స్వేచ్ఛ చట్టం వచ్చింది. వలసలకీ వర్తిస్తుందని అందులోనే రాశారు. ఇంగ్లీషు పోలీసు చెయ్యి పడని నేల గనకనే సుబ్రహ్మణ్య భారతి 1908లోనూ, అరవిందులు 1910లోనూ ఇక్కడికి వచ్చి ఊపిరి పీల్చుకున్నారు. అంతటి చట్టం ఫ్రాన్సులో ఇవాళ దారిన పోయేవాడికి ఎలా పరిచయమో తెలుసా? గోడల మీద పెద్ద పెద్ద అక్షరాలతో "పోస్టర్లు అంటించరాదు, 1881 జూలై 29 చట్టం" అని రాసి ఉంటుంది. స్వేచ్ఛ ఇచ్చిన కాగితం గోడ మీదకి ఎక్కేసరికి నిషేధమై కూర్చుంది. పైగా గోడ పాడు చేయొద్దని చెప్పడానికి గోడంతా రాశారు.

పుదుచ్చేరికి సొంత చట్టం 2000లో వచ్చింది, బహిరంగ ప్రదేశాలు వికృతం కాకుండా కాపాడే చట్టం. ఆంధ్రప్రదేశ్‌కి 1997లోనే వచ్చింది. అందులో బహిరంగ ప్రదేశాల వికృతీకరణ నిరోధం ఉంది, అసభ్య పోస్టర్ల నిషేధం ఉంది, అభ్యంతరకర ప్రకటనల నిషేధం ఉంది. అన్నీ పేరులోనే ఉన్నాయి. ఆ పేరు పూర్తిగా చదివేలోపు ఒక పోస్టరు అంటించి పారిపోవచ్చు.

పుదుచ్చేరి చట్టం ఎలా అమలవుతోందో చూడాలంటే ఏ ఎన్నికల ముందో, ఏ నాయకుడి పుట్టినరోజునో ఇందిరా గాంధీ సర్కిల్ దగ్గర నిలబడండి. నాయకుడు అక్కడ కత్తి పట్టుకుని ఉంటాడు, గుర్రమెక్కి ఉంటాడు, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ఉంటాడు. ఆయన కాళ్ళ దగ్గర తపాలా బిళ్ళంత సైజులో పాతికమంది అనుచరులు. నాయకులే కాదు. పెళ్ళికి ఫ్లెక్సీ, చెవులు కుట్టించే వేడుకకి ఫ్లెక్సీ, పిల్ల పెద్దమనిషి అయితే ఫ్లెక్సీ. ఇక్కడి వాళ్ళు కన్నీటి అంజలి పోస్టర్లు వేస్తారు, చూసి తీరాలి. పోయినవాడి ఫొటో ఒక్కటే, అంజలి ఘటించేవాళ్ళ ఫొటోలు డజను. ఎవరు పోయారో పోల్చుకోవడానికి దండ కోసం వెతుక్కోవాలి.

2019 సెప్టెంబరులో చెన్నై పళ్ళికరణై దగ్గర ఒక పార్టీ నాయకుడి ఇంట పెళ్ళికి రోడ్డు మధ్యన కట్టిన బ్యానర్ స్కూటర్ మీద వెళ్తున్న యువ ఇంజనీరు మీద పడింది. ఆమె కిందపడింది, వెనకొచ్చిన లారీ ఆగలేదు. వయసు 23. ఇక్కడ నాకు వ్యంగ్యం రాదు. మద్రాసు హైకోర్టు మండిపడింది. పెద్ద పార్టీలు ఇకమీదట బ్యానర్లు కట్టబోమని మాట ఇచ్చాయి. ఆ మాటని కూడా ఫ్లెక్సీ మీద అచ్చు వేయించి ఉంటే ఇంకొన్నాళ్ళు నిలబడేది.

ఆ ఫ్లెక్సీ అంతకు ముందే ఒకణ్ణి చంపింది, పెయింటర్‌ని. మన ఊళ్ళలో గోడకి చిత్రకారుడు ఉండేవాడు. పగలు దుకాణం బోర్డులు, రాత్రి ఎన్నికల రాతలు. నిచ్చెన మీద నిలబడి, నీలం డబ్బా ఒక చేత్తో పట్టుకుని, గీత గీయకుండా పదడుగుల అక్షరం తిన్నగా రాసేవాడు. తెలుగులో తలకట్టుని అంత హుందాగా పెట్టినవాళ్ళు అచ్చు యంత్రాల్లో లేరు. తొంభైల్లో శేషన్ ప్రధాన ఎన్నికల కమిషనర్‌గా ఉండి గోడరాతల మీద కొరడా తీసినప్పుడు వాడికి ఎన్నికల పని పోయింది. ఆ తర్వాత పదేళ్ళకి ఫ్లెక్సీ యంత్రం వచ్చి బోర్డుల పని కూడా తీసుకెళ్ళింది. కాలువకి పడమర ఒక సందులో అలాంటి పెద్దాయన ఒకడున్నాడు. బయట తమిళం, ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబం. ఈ మధ్య మళ్ళీ పని దొరుకుతోందట, కెఫేల వాళ్ళు పిలుస్తున్నారట.

"పాతకాలపు అక్షరాలు కావాలంటున్నారండీ. కాకపోతే కాస్త వెలిసిపోయినట్టు, పెచ్చులూడినట్టు రాయమంటారు. చెరగకుండా రాయడం నేర్చుకోవడానికి నాకు జీవితమంతా పట్టింది" అన్నాడు.

ఆయన రాసిన బోర్డు కింద ఆయన పేరు లేదు. పక్క గోడ మీద బొమ్మ వేసిన అతిథి కళాకారుడి పేరు మాత్రం ఉంది, ఇన్‌స్టాగ్రామ్ చిరునామాతో సహా.

దేశమంతా ఇదే తంతు. ఢిల్లీ లోధీ కాలనీలో స్టార్ట్ ఇండియా అనే సంస్థ సర్కారు అనుమతితో గోడల మీద బొమ్మలు వేయించి దాన్ని ఆర్ట్ డిస్ట్రిక్ట్ అంది. అందంగానే ఉంది. అనుమతి పత్రం జత చేసిన తిరుగుబాటు అందంగా లేకపోతే ఎలా! హైదరాబాదులో రాజ్‌భవన్ పక్కనున్న ఎం.ఎస్. మక్తాకి కూడా ఆ వైభోగం పట్టింది. చెన్నై కన్నగి నగర్ సంగతి మరీ గొప్పది. ఊరి నడుమ మురికివాడలు ఖాళీ చేయించి, అక్కడి మనుషుల్ని పనికీ బడికీ దూరంగా శివార్లలో కట్టిన పెట్టెల్లాంటి ఇళ్ళలోకి తోలారు. బస్సు లేదు మొర్రో, నీళ్ళు లేవు మొర్రో అని వాళ్ళు ఏళ్ళ తరబడి అరిచారు. 2020లో వాళ్ళ గోడల మీద నవ్వుతున్న పిల్లల బొమ్మలు ఎత్తుగా వేశారు. గోడ నవ్వుతోంది, ఇక మీరేడవడం బాగోదు.

విదేశాల్లో ఏదో న్యాయంగా ఉందనుకోకండి. కొలంబియా రాజధాని బొగోటాలో 2011 ఆగస్టులో గోడ మీద బొమ్మ వేస్తున్న 16 ఏళ్ళ కుర్రాణ్ణి పోలీసు కాల్చి చంపాడు. రెండేళ్ళకి అదే ఊరికి కచేరీ కోసం వచ్చిన జస్టిన్ బీబర్ రాత్రిపూట గోడ మీద రంగు చల్లుకుంటే చుట్టూ పోలీసులు కాపలా కాశారు. ఆ ఊరి చిత్రకారులకి ఒళ్ళు మండి వందలమంది ఒక్కసారిగా గోడల మీద పడ్డారు. 2011లోనే సిరియాలో దరా అనే ఊళ్ళో బడిపిల్లలు ప్రభుత్వానికి వ్యతిరేకంగా గోడ మీద నాలుగు మాటలు రాశారు. పట్టుకెళ్ళి హింసించారు. ఊరు రోడ్డెక్కింది, తర్వాత దేశమంతా తగలబడింది. గోడ మీద రాత అంటే ఏమిటో నియంతకి తెలిసినంత బాగా కళా విమర్శకుడికి తెలియదు.

ఇక బ్యాంక్సీ. తానెవరో తను బయటపెట్టని ఆసామి. 2018 అక్టోబరు 5న లండన్ సదబీస్ వేలంలో ఆయన వేసిన బుడగ పిల్ల బొమ్మ పది లక్షల పౌండ్లు దాటి పాట ముగియగానే, చట్రంలో దాచిన యంత్రం దాన్ని సగం దాకా పేలికలు చేసింది. మార్కెట్టుకి చెప్పుదెబ్బ అని లోకం చప్పట్లు కొట్టింది. ఆ పేలికలే 2021లో 1.85 కోట్ల పౌండ్లకి పైగా పలికాయి. చెప్పుకి కూడా ధర కట్టగలగడం మార్కెట్టు గొప్పతనం.

బ్రెజిల్ సావో పావులోలో 2017లో కొత్త మేయరు ఊరి పెద్ద రహదారి పొడవునా ఉన్న బొమ్మల మీద బూడిద రంగు కొట్టించి అభాసుపాలయ్యాడు. ఆయన పుదుచ్చేరి వచ్చి ఉంటే నేర్చుకునేవాడు. ఇక్కడ అరవిందాశ్రమం వారి ఇళ్ళన్నిటికీ తెల్ల అంచుతో బూడిద రంగే. ఎవరూ కోర్టుకెళ్ళలేదు. అక్కడ శిక్ష అయిన రంగు ఇక్కడ సాధన. ఆ మాటకొస్తే ఈ ఊళ్ళో సమానంగా అందరికీ వర్తించే గోడ చట్టం ఆశ్రమానిది ఒక్కటే.

మా వాళ్ళు, అంటే తెలుగు యాత్రికులు, ఫొటోకి ఎంచుకునే చోటు కూడా చూడాలి. పుదుచ్చేరి వీధుల పేర్ల పలకలు నీలం మీద తెల్లగా, ఫ్రెంచిలో, తమిళంలో ఉంటాయి. పలక బాగుందంటే కింద నిలబడడమే. లాల్ బహదూర్ శాస్త్రి వీధికి పాత పేరు బుస్సీ వీధి. జనం ఇప్పటికీ బుస్సీ వీధే అంటారు. ఏ బుస్సీ అనుకున్నారు? 1757 జనవరి 24న బొబ్బిలి కోట గోడల్ని ఫిరంగులతో పగలగొట్టినవాడు. లోపల ఆడవాళ్ళూ పిల్లలూ ఎలా పోయారో, తాండ్ర పాపారాయుడు ఏం చేశాడో బుర్రకథల్లో విని ఏడ్చిన జాతి మనది. ఆ బుస్సీ 1785లో ఈ ఊళ్ళోనే కన్నుమూశాడు. బొబ్బిలి నుంచి వచ్చిన కుర్రాళ్ళు కూడా ఆ వీధిలో రెండు వేళ్ళు చూపిస్తూ ఫొటో దిగుతున్నారు. గోడ మీద బుస్సీ చేసిన పని ఏ స్ప్రే డబ్బాతోనూ అవదు. అయినా ఆయన పేరు వికృతీకరణ కిందికి రాదు, వారసత్వం కిందికి వస్తుంది.

అక్కణ్ణుంచి కాలువ దాటి పది నిమిషాలు నడిస్తే, పెద్ద మార్కెట్టు దగ్గర, ఆనందరంగ పిళ్ళై ఇల్లుంది. ఫ్రెంచి గవర్నరు డూప్లే దగ్గర దుబాసీ; పాతికేళ్ళ డైరీ రాసి ఆ కాలాన్ని మనకి మిగిల్చినవాడు. కస్తూరి రంగకవి 'ఆనందరంగ రాట్ఛందము' అని తెలుగులో ఛందశ్శాస్త్రం రాసి ఆయన పేరు మీద పెట్టాడు. పుదుచ్చేరిలో తెలుగువాడు ఏ గోడకైనా చెయ్యెత్తి దండం పెట్టాలంటే ఆ గోడకి పెట్టాలి. దాని ముందు కాబోయే దంపతులు లేరు, వెండి అట్ట కుర్రాడు లేడు. చేపల బుట్టలున్నాయి, ఆగి ఉన్న ట్రాలీలున్నాయి. డూప్లే మాత్రం బీచి రోడ్డు చివర పార్కులో బూట్లేసుకుని నిలబడి సముద్రపు గాలి పీలుస్తున్నాడు.

పడమటి గోడలకి రక్షణ ఎవరంటారా? దేవుళ్ళు. గోడ పాదం దగ్గర ఒంటేలు పోయకుండా ఉండడానికి ఇంటివాళ్ళు టైల్స్ అంటిస్తారు. ఒక వినాయకుడు, ఒక వేలాంకణ్ణి మాత, ఒక మక్కా మసీదు. సర్వమత సమభావం రాజ్యాంగంలో ఒకచోట ఉంది, ఆ టైల్స్ వరసలో ఒకచోట ఉంది. పోలీసూ మునిసిపాలిటీ చేయలేని పని ముగ్గురు దేవుళ్ళ చేత చేయిస్తున్నాం, జీతం లేకుండా.

ఇంతకీ ఈ ఊళ్ళో అసలు వీధి చిత్రకారులు ఎవరు? తెల్లవారుజామున అదే పడమటి వీధుల్లో గుమ్మం ముందు నీళ్ళు చల్లి, చుక్కలు పెట్టి, రెండు వేళ్ళ సందునుంచి పిండి జార్చే ఆడవాళ్ళు. మార్గళి నెల వస్తే, మనకి ధనుర్మాసం, వీధి ఆ చివర దాకా ముగ్గులే. ముందుగా గీసిన నమూనా ఉండదు, స్పాన్సరు ఉండడు, కింద సంతకం ఉండదు. తొమ్మిది గంటలకల్లా బండి చక్రాలు తొక్కేస్తాయి. మర్నాడు మళ్ళీ కొత్తది. ఇటలీలో బ్లూ అనే పేరున్న కళాకారుడు 2016లో బొలోన్యా ఊళ్ళో తను వేసిన బొమ్మల మీద తనే బూడిద రంగు పూయించాడు, వాటిని ప్రదర్శనశాలకి ఎత్తుకుపోతున్నారని నిరసనగా. అది ప్రపంచ వార్త అయింది. వేసిన బొమ్మని మర్నాడు పొద్దున్నే ఒక చెంబెడు నీళ్ళతో తనే చెరుపుకునే మా పక్కింటి పార్వతులు మాత్రం ఎక్కడా వార్త కాలేదు.

ముగ్గుకి భయపడినవాళ్ళు ఒక్కసారి మాత్రం ఉన్నారు. 2019 డిసెంబరు 29న చెన్నై బీసెంట్ నగర్‌లో కొందరు పౌరసత్వ సవరణ చట్టం వద్దని ముగ్గులో రాశారు. ఎనిమిది మందిని పోలీసులు పట్టుకెళ్ళారు. ఆ తర్వాత రెండు రోజులూ తమిళనాట ఎందరి వాకిట్లోనో అదే ముగ్గు. బియ్యప్పిండి గోడెక్కలేదు, ఎవరి ఆస్తీ పాడు చేయలేదు, సాయంత్రానికి చీమలు తినేసేవి. అయినా ఠాణాలో లెక్క తేలింది: ముగ్గులో చుక్కలున్నంతసేపే సంస్కృతి, అక్షరాలు వస్తే నేరం.

పుదుచ్చేరి పర్యాటక శాఖ వాళ్ళ నినాదం కాలానికి కాస్త విరామం ఇమ్మంటుంది. కాలం సంగతి తర్వాత. 2000 నాటి మీ చట్టానికి ఇరవై ఏళ్ళు దాటిన విరామం అయిపోయింది, దాన్ని నిద్ర లేపండి. కార్మికవాడ కుర్రాణ్ణి పట్టుకోవడానికి కాదు, వాడి పేరు మూడు వానలకి తనే పోతుంది. పెద్ద నాయకుడి పుట్టినరోజు చూసి, ఆ ఒక్కరోజు ఇందిరా గాంధీ సర్కిల్ నుంచి రాజీవ్ గాంధీ సర్కిల్ దాకా ఉన్న ప్రతి కటౌటూ దించండి. అయ్యే ఖర్చు ఫ్లెక్సీ కట్టినవాడి దగ్గర వసూలు చేసి, ఆ సందులో ఉన్న పెద్దాయన చేత ఊరి వీధుల పేర్లు తమిళంలో, ఫ్రెంచిలో, యానాం కోసం తెలుగులో రాయించండి. చెరగకుండా రాస్తాడు. కింద ఆయన పేరు కూడా వేయనివ్వండి.